చచ్చిపోయిన చిక్కుడు మొక్కను ఏం చేయాలి?

ప్రశ్న: నేను ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్తాను. క్లాసులో 28 మంది. పోయినేడాది బడి గోడవారన కాస్త జాగా ఇస్తే చిక్కుడు, టమాటా, బంతి, ఇంకా ఏవేవో వేశాం. మొదటి వారం పిల్లలందరూ ఎగబడి నీళ్లు పోశారు. మగ్గు కోసం కొట్టుకున్నారు కూడా. మూడో వారానికి చిక్కుడు మొక్కలు పసుపెక్కి వాలిపోయాయి. ఒక పాప "నేనే చంపేశానా టీచర్?" అని ఏడ్చింది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఒక బాబయితే రోజూ మొలకలు పీకేసేవాడు. మిగిలినవి సెలవుల్లో ఎండిపోయాయి. తర్వాత పొలం చూపిద్దామని తీసుకెళ్తే అంతా పరుగులే. తిరిగొచ్చాక ఏం నచ్చిందని అడిగితే బస్సు అన్నారు. తల్లిదండ్రులేమో "ఇవన్నీ బాగానే ఉన్నాయి, మరి చదువు ఎప్పుడు?" అంటున్నారు. ఈ ఏడాది తలా ఒక కుండీ ఇచ్చేస్తే గొడవ ఉండదేమో అనిపిస్తోంది. అసలు మానేస్తేనే మేలేమో అని కూడా అనిపిస్తోంది. మీరేమంటారు?

సమాధానం:

టీచర్ గారూ, మానేయకండి. పోయినేడాది చేసినట్టు మాత్రం చేయకండి.

ముందు ఆ పాప సంగతి. మీ ఉత్తరం మొత్తంలో నన్ను పట్టుకున్నది ఆ ఒక్క ప్రశ్నే. మీరు "లేదమ్మా, నువ్వు కాదు" అని ఊరడించి ఉంటారు. ఆ క్షణంలో నేనైనా అదే అనేదాన్ని. కానీ ఆ మొక్కల ప్రాణం తీసింది నీళ్లే అయ్యుంటాయి. ఆ నీళ్లలో ఆ పాప పోసిన మగ్గు కూడా ఉంది. 28 మంది తలా ఒక మగ్గు పోస్తే ఏ మొక్క తట్టుకుంటుంది? వేళ్లకు నీళ్లతో పాటు గాలీ కావాలి. ఆ గాలి మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉంటుంది. సందులన్నీ నీళ్లతో నిండిపోతే వేళ్లకు ఊపిరాడదు, కుళ్లడం మొదలవుతుంది. కుళ్లిన వేరు నీరు పీల్చుకోలేదు కాబట్టి ఆకులు వాలిపోతాయి. వాలిన ఆకును చూడగానే పాపం దాహమేసిందనుకుని ఇంకో మగ్గు పోస్తాం. ఏళ్ల తరబడి మొక్కలు పెంచినవాళ్లూ ఇక్కడ బోల్తా పడుతుంటారు, ఆరేళ్ల పిల్లల మాట చెప్పాలా?

కాబట్టి మళ్లీ ఏ పిల్లయినా అలా అడిగితే ఉన్న మాటే చెప్పండి. "మనందరం కలిసి దానికి ఎక్కువ నీళ్లు పోసేశాం. ఇష్టంతోనే పోశాం. దానికి ఎంత సరిపోతుందో మనకు తెలీదు. రా, తవ్వి చూద్దాం." ఆ తర్వాత నిజంగానే తవ్వి చూపించండి. బాగున్న మొక్క వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు గోధుమరంగుకు తిరిగి, చేతివేళ్ల మధ్య పట్టుకుని లాగితే పైతొక్క ఊడొస్తుంది, వాసనేస్తుంది. పిల్లలు ముక్కు మూసుకుంటారు, "ఛీ" అంటారు, మళ్లీ మళ్లీ వాసన చూస్తారు. ఏడుపు ఎప్పుడు ఆగిందో మీకూ తెలీదు.

మొక్క చచ్చిపోయింది కదా అని రాత్రికి రాత్రి కొత్త మొక్క తెచ్చి ఆ చోట పాతే పని మాత్రం పెట్టుకోకండి. ఆ తెలివితక్కువ పని నేను చేశాను. మర్నాడు ఉదయం ఒక పిల్ల దాని ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసి, "దీనికి పురుగు కొరికిన ఆకు లేదు. ఇది మనది కాదు" అంది. నాకు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రోజూ చూస్తున్న మొక్కను పిల్లలు ఆకు ఆకునా గుర్తుపడతారని ఆ రోజు నేర్చుకున్నాను. పిల్లలతో "గమనించండి, గమనించండి" అనేది మనం, తీరా గమనిస్తే దొరికిపోయేదీ మనమే.

ఈ ఏడాది మొదటి పనిగా నాలుగు కుండీలు పెట్టండి. తోట తర్వాత సంగతి. నాలుగింట్లోనూ ఒకే మట్టి, ఒకే రకం చిక్కుడు గింజలు. అడుగున కన్నం ఉండాలి. మొలకలొచ్చాక ఒకదానికి రోజూ మగ్గు నిండా నీళ్లు. రెండోదానికి, మట్టిలో వేలు పెట్టి చూసి పొడిగా తగిలితేనే. మూడోదానికి అసలు నీళ్లే వద్దు. నాలుగోదాన్ని రెండోదానిలాగే చూస్తూ చీకటి బీరువాలో పెట్టండి. ఏది బాగా పెరుగుతుందో ముందే చెప్పమనండి, ఎవరు దేనికి చెయ్యెత్తారో బోర్డు మీద రాసి ఉంచండి, చెరపకండి. కొన్నాళ్లకు తమాషా జరుగుతుంది. బీరువాలో మొక్క అన్నిటికంటే పొడుగ్గా సాగుతుంది! వెలుతురు వెతుక్కుంటూ కాడ సాగిపోతుంది, ఆకులు మాత్రం పాలిపోయి చిన్నవిగా ఉంటాయి. పిల్లలు దారంతో కొలిచి, "బీరువాదే గెలిచింది, మొక్కలన్నీ బీరువాలో పెట్టేద్దాం" అని తీర్మానించేస్తారు. మీరు నోరు విప్పకూడదు. నాకు ఏటా ఇదే అన్నిటికంటే కష్టమైన పని. ఇంకో వారం, పది రోజులు ఆగితే ఆ పొడుగు కాడ నిలబడలేక కూలబడిపోతుంది. పొడుగవడం వేరు, బలపడడం వేరు అని అప్పుడు వాళ్లే గొడవ గొడవగా చెప్పుకుంటారు. అదే మాట మీరు మొదటి రోజే చెప్పేసి ఉంటే ఎవరి చెవికీ ఎక్కేది కాదు.

ఇక తోట. పోయినేడాది మీ తప్పు తోట పెట్టడంలో లేదు, ఎన్నో రకాలు ఒకేసారి వేయడంలో ఉంది. 28 మంది పిల్లలకు ఒక మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు మడి ఒకటి చాలు. అంతకంటే వెడల్పయితే పొట్టి చేతులు మధ్యకు అందవు. అందకపోతే లోపలికి దిగుతారు, దిగితే మట్టి తొక్కుకుపోయి గట్టిపడుతుంది. గోడవారన అన్నారు కాబట్టి ఒక జాగ్రత్త. పాత రంగు పెచ్చులూడే గోడ అయితే ఆ మట్టిలో సీసం అనే విషలోహం ఉండొచ్చు. అక్కడే నాటకుండా, గోడకు దూరంగా ఇటుకలు పేర్చి వేరే చోటి మంచి మట్టి పోసుకోండి. చుట్టుపక్కల గన్నేరు, ఆముదం లాంటి విషపు గింజల మొక్కలు ఉన్నాయేమో కూడా చూడండి. ఈ వయసు పిల్లలు గింజ కనిపిస్తే నోట్లో పెట్టుకుంటారు.

ఏం నాటాలన్నది చివరి బడి రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని తేల్చండి. సెలవులకు నెల రోజులే ఉంటే ముల్లంగి. గుండ్రటి చిన్నరకం నాలుగు వారాల్లో చేతికొస్తుంది, మొలక నాలుగైదు రోజుల్లో కనిపిస్తుంది. ఆరేళ్ల వాళ్లు అంతకంటే ఎక్కువ రోజులు ఖాళీ మట్టి వైపు చూస్తూ కూర్చోలేరు. రెండు నెలలుంటే పొట్టిరకం చిక్కుడు. గింజ పెద్దది కాబట్టి చిన్న వేళ్లకు పట్టు దొరుకుతుంది. మెడ వంచుకుని మట్టిని తోసుకుంటూ పైకొచ్చే ఆ మొలకను చూడడం ఒక వేడుక. గుమ్మడి నాకిష్టమే కానీ నెలల తరబడి పాకుతుంది, సెలవుల్లో దిక్కులేనిదవుతుంది. పైగా ముందు పూసేవి ఎక్కువగా మగపూలే, అవి రాలిపోతుంటే పిల్లలకు మళ్లీ ఏడుపులు. రెండో ఏడు పెట్టుకోండి. సెలవుల్లో ఎవరైనా వచ్చి నీళ్లు పోస్తారులే అన్న భరోసా మీద ఏదీ నాటకండి, ఎవరూ రారు.

తలా ఒక కుండీ అన్నారు. నేనైతే వద్దంటాను. కనీసం మొదట్లో వద్దు. 28 కుండీలంటే 28 పోటీలు. నాది మొలిచింది, నీది మొలవలేదు అనే మాట మూడో రోజుకే వినిపిస్తుంది. జ్వరమొచ్చి వారం రాని పిల్ల తిరిగొచ్చేసరికి ఎండిన కుండీ ఎదురవుతుంది. ఉమ్మడి మడిలో పదిమంది గింజలు మొలవకపోయినా ఆ లోటు ఎవరి పేరు మీదా పడదు. పిల్లల బడికి "పిల్లల తోట" అనే అర్థం వచ్చేలా కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిన ఫ్రోబెల్ కూడా ఈ చిక్కు ఎదుర్కొన్నట్టే ఉంది. ఆయన జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో 1837లో చిన్నపిల్లల బడి తెరిచి, 1840లో దానికి ఆ పేరు పెట్టాడు. ఆయన తోటలో పిల్లలకు ఎవరి చిన్న మడి వాళ్లకుండేది, దాంతో పాటు అందరూ కలిసి చూసుకునే ఉమ్మడి మళ్లూ ఉండేవి. సొంతమూ కావాలి, ఉమ్మడీ కావాలి, ఆయన మాట కాదనను. అయితే 28 మందికి మీరు ఒక్కరే కాబట్టి ఉమ్మడితో మొదలుపెట్టండి. సొంత మొక్క కావాలని వాళ్లంతట వాళ్లు అడిగిన రోజు ఇవ్వండి.

ఉమ్మడి అంటే అందరూ ఒకేసారి ఎగబడడం కాదు కదా. వంతులు పెట్టండి. రోజుకు నలుగురు. ఒకరు వేలు పెట్టి తడి చూడాలి, ఒకరు నీళ్లు పోయాలి, ఒకరు కలుపు తీయాలి, ఒకరు ఆ రోజు చూసింది అందరికీ చెప్పాలి. 28 మందికి సరిగ్గా ఏడు బడి రోజుల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. ఇక్కడ ఒక షరతు, నా మటుకు ఇదే అసలు విషయం. తడి చూసే పిల్ల "ఈ రోజు నీళ్లు వద్దు" అంటే ఆ రోజు నీళ్లు పోయకూడదు. ఆ పిల్ల పొరబడిందని మీకు తెలిసినా సరే, ఒక్కరోజుకు ఏ మొక్కా చావదు, ఆగండి. సాయంత్రం పిల్లలు వెళ్లాక మీరు గుట్టుగా వెళ్లి నీళ్లు పోస్తే, ఆ వంతు ఉత్త ఆటేనని వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. తను పలకకపోతే పని ఆగిపోతుందని తెలిసిన పిల్ల నడకే మారిపోతుంది. అందుకే మడి చిన్నది పెట్టమంటున్నాను. నష్టం వస్తే భరించగలిగేంత చిన్నదయితేనే మీరు నిజంగా చేతులు కట్టుకుని నిలబడగలరు.

రోజూ ఉదయం ఐదు నిమిషాలు గుండ్రంగా కూర్చోబెట్టండి. మొదట నిన్నటి నలుగురూ చెప్తారు. ఆ తర్వాత తగాదాలు. మగ్గు లాక్కోవడం లాంటి తగువును మీరు తీర్చకండి, వలయంలో పెట్టండి. "ఒకే మగ్గు ఉంది, ఇద్దరికి కావాలి, ఏం చేద్దాం?" మొదటి వారం వాళ్లిచ్చే తీర్పులు ఘోరంగా ఉంటాయి. "వాడికి ఇంకెప్పుడూ ఇవ్వొద్దు" లాంటివి. అది అమలు చేస్తే రేపు నీకూ అదే అవుతుంది, సరేనా అని అడిగితే సర్దుకుంటారు. నా క్లాసులో ఒకసారి పండిన ముల్లంగులు పదకొండు, పిల్లలు ముప్పై మందికి పైనే. నాలుగు రోజులు చర్చ నడిచింది. చీట్లు తీద్దామన్నారు, ఎక్కువ పని చేసినవాళ్లకే అన్నారు, ఎవరు ఎక్కువ చేశారో తేలక మానుకున్నారు. చివరికి చక్రాల్లా సన్నగా కోస్తే అందరికీ వస్తుందని ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్లాడు అన్నాడు. ఒక్కొక్కరికి రెండేసి చక్రాలు వచ్చాయి. కొన్ని మిగిలితే పక్క క్లాసుకిచ్చారు. ముల్లంగి ఘాటుకు సగంమంది మొహాలు మాడ్చుకున్నారనుకోండి, అది వేరే విషయం.

మొలకలు పీకే బాబును మీరు అల్లరివాడి కింద జమకట్టినట్టున్నారు. వాడిని ఒకసారి అడగండి, ఎందుకు పీకుతున్నావని. నాకు తగిలిన పీకుడుగాళ్లలో చాలామంది కింద ఏం జరుగుతోందో చూడాలనే పీకారు. ఒక గాజు సీసా తీసుకుని లోపలి గోడకు తడి కాగితం ఆనించి, గాజుకూ కాగితానికీ మధ్య చిక్కుడు గింజ పెట్టి వాడి చేతికివ్వండి. ముందు వేరు దిగడం, తర్వాత కాడ లేవడం గాజులోంచి కనిపిస్తాయి. సీసాను పక్కకు పడుకోబెడితే వేరు మళ్లీ కిందికే మలుపు తిరుగుతుంది. వాడికి రెండు వారాలు ఇంకే పనీ గుర్తురాదు. "మొక్కై వంగనిది మానై వంగునా" అని పిల్లల విషయంలో తెగ వాడేస్తాం కానీ, లేత చిక్కుడు మొక్కను వంచి చూడండి, పుటుక్కుమని విరుగుతుంది.

పొలానికి వెళ్లే ముందు బడి ఆవరణే ఒకసారి చూడండి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, మనకు గోడ పక్కన చీమల బారు కనిపించదు. ఒక రాయి ఎత్తి కింద ఏముందో చూసి, మళ్లీ ఉన్నచోటే పెట్టడం నేర్చుకున్న పిల్లలు పొలంలో పరుగెత్తరు. పరుగెత్తినా త్వరగా ఆగుతారు. పోయినసారి వాళ్లకు బస్సు నచ్చిందంటే తప్పు వాళ్లది కాదు. బస్సు వాళ్లకు తెలుసు, అందులో ఎక్కడ కూర్చోవాలో తెలుసు. పొలంలో దేనికోసం చూడాలో ఎవరూ చెప్పలేదు.

అందుకే వెళ్లే ముందు వారం ప్రశ్నలు పోగుచేయండి. పాలు ఎలా వస్తాయో బొమ్మ గీయమనండి, వాళ్ల బుర్రలో ఏముందో బయటపడుతుంది. ఆవు పుట్టినప్పటి నుంచీ, కుళాయిలా రోజూ పాలిస్తుందనుకునే పిల్లలే ఎక్కువ. దూడ పుట్టాకే పాలు వస్తాయని, దానికి ముందు తొమ్మిది నెలలు కడుపులో మోస్తుందని పశువుల మనిషి నోట వినడం వాళ్లకు పెద్ద వార్త. వెంటనే "మరి దూడకో?" అంటారు. ఆ ప్రశ్నకు ఆయనే జవాబు చెప్పాలి, మీరు అడ్డుపడకండి. కోళ్లను, మేకలను చివరికి ఏం చేస్తారన్న ప్రశ్న కూడా వస్తుంది. ఉన్నదున్నట్టు నాలుగు మాటల్లో చెప్పమని పొలం వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

ప్రతి నలుగురైదుగురికీ ఒక పెద్ద మనిషి, ఒక ప్రశ్న, ఒక చోటు. అందరూ అన్నీ చూడక్కర్లేదు. ఒక గుంపు ఆవు దగ్గరే ఇరవై నిమిషాలు ఉండనివ్వండి. ముందు మేత లేకపోయినా దవడ ఆడిస్తూనే ఉందేమిటని చూడాలి. పైవరసలో ముందు పళ్లు లేవని ఎవరో ఒకరు కనిపెడతారు, ఆ గోల మీరు వినాలి. భయపడే పిల్లను ముట్టుకోమని బలవంతం చేయొద్దు. దూరంగా నిలబడి నిమిషంలో ఎన్నిసార్లు నమిలిందో లెక్కపెట్టే పని ఇవ్వండి, తనకూ గౌరవంగా ఉంటుంది. వీలైతే ఇరవై నిమిషాలు ఏదో ఒక నిజమైన పని అడిగి చేయించండి. కలుపు కుప్ప మోయడమైనా సరే. రెండు వేర్వేరు పొలాలకు ఒక్కోసారి వెళ్లడం కంటే ఒకే పొలానికి రెండుసార్లు, విత్తేటప్పుడు, కోసేటప్పుడు వెళ్లడం మేలని నా పట్టుదల.

ఆరోగ్యం విషయంలో మాత్రం చర్చలు, వలయాలు ఏమీ లేవు, మీ మాటే చెల్లాలి. పశువులను ముట్టుకున్నాక సబ్బుతో, పారే నీళ్లతో ఇరవై సెకన్లు చేతులు కడగాలి. పేడ, మట్టి అంటిన చేతులకు శానిటైజర్ సబ్బుకు బదులు కాదు. చూడడానికి ఆరోగ్యంగా ఉన్న పశువుల పేడలోనూ పిల్లలకు ప్రమాదం తెచ్చే ఈ.కోలై అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, ఐదేళ్ల లోపు వాళ్లకు అది మరీ ముప్పు. కాబట్టి పశువులున్నచోట తినడం, తాగడం, బొటనవేలు చీకడం కుదరదు. తిండి తర్వాత, దూరంగా, చేతులు కడిగాకే. తేనెటీగ కుడితే పడనివాళ్లెవరో ముందే రాసి పెట్టుకోండి. తోడు వచ్చే టీచర్లలో గర్భవతులుంటే ఈనుతున్న గొర్రెలు, మేకల దగ్గరికి వెళ్లకూడదు.

తిరిగొచ్చాక "మేము పొలానికి వెళ్లాము" అని వ్యాసం రాయించకండి, దయచేసి. చూసినదాన్ని కట్టమనండి. షికాగోలో అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ 1896లో మొదలుపెట్టిన ప్రయోగ పాఠశాలలో చిన్నపిల్లలు పొలం నమూనా కట్టారు, గోధుమ విత్తారు. అట్టపెట్టెలు, పుల్లలు, మట్టి చాలు. ఆవుల పాక తలుపు ఎటు ఉండాలి, నీళ్ల తొట్టి ఎక్కడ అని వాదులాడుకుంటుంటే ఎవరు ఏం చూశారో మీకు తెలుస్తుంది. ఎవరికీ గుర్తులేనివి రెండోసారి వెళ్లినప్పుడు చూసే ప్రశ్నలవుతాయి.

ఇక తల్లిదండ్రులు. వాళ్ల ప్రశ్నలో తప్పేమీ లేదు, చిన్నబుచ్చుకోకండి. తోటతోనే చదవడం, రాయడం వచ్చేస్తాయని మాత్రం వాళ్లకు చెప్పకండి, రావు. అక్షరాలకు కూర్చుని చేసే సాధన కావాల్సిందే. నేనైతే వారానికి రెండు అరగంటలు తోటకు, రోజూ ఆ ఐదు నిమిషాలు, అంతే. మిగతా వేళ మామూలు పాఠాలు. కానీ ఆ అరగంటలో పుట్టింది కాగితం మీదికి రావాలి. ప్రతి పిల్లకూ ఒక తోట పుస్తకం: తేదీ, బొమ్మ, ఒక కొలత, ఒక వాక్యం. "10 గింజలు వేశాం. 7 మొలిచాయి." దీంట్లో తీసివేత ఉంది, రాత ఉంది, మిగతా మూడూ ఏమయ్యాయన్న ప్రశ్న ఉంది. తల్లిదండ్రులు వచ్చిన రోజు మీరు మాట్లాడకండి. పిల్లల చేత వాళ్ల పుస్తకం మొదటి పేజీ, ఇవాళ్టి పేజీ పక్కపక్కన తెరిపించండి. మొదటి పేజీలో మొక్కంటే ఒక గీత, రెండు ఆకులు, పక్కన నవ్వే సూర్యుడు. రెండు నెలల తర్వాతి పేజీలో ఆకు ఈనెలుంటాయి, పురుగు కొరికిన చిల్లు ఉంటుంది.

పోయినేడాది ఏడ్చిన పాప ఇప్పుడు పై తరగతిలో ఉండి ఉంటుంది కదా. నాలుగు కుండీలు పెట్టే రోజు తనను ఒక పది నిమిషాలు పిలవండి. తడి ఎలా చూడాలో, మట్టిలోకి వేలు ఎంత లోతు పెట్టాలో కొత్తవాళ్లకు తను చూపిస్తుంది. గింజలు ముందు రాత్రే నానబెట్టుకోండి. ఉదయానికి తొక్క మెత్తబడి తేలిగ్గా ఊడొస్తుంది, లోపల ముడుచుకున్న చిన్న ఆకులను విడదీసి చూపించడానికి నాలుగు గింజలు అదనంగా వేసుకోండి.